రొయ్యల గుంటకున్న జాగ్రత్త అడవికి లేదా?

నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడు దారి పట్టినా, ముత్తుకూరు దాటి కృష్ణపట్నం వైపు పోయినా, రోడ్డుకు రెండు పక్కలా రొయ్యల గుంటలే. గుంట గట్టు చుట్టూ మోకాలెత్తున వల కట్టి ఉంటుంది. పక్క గుంటలోని పీత పాకి రాకుండా ఆ వల. గుంట మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దగ్గర దగ్గరగా దారాలు లాగి ఉంటాయి. కాకి, నీటికాకి, కొంగ దిగకుండా ఆ దారాలు. లోపలికి పోయే చోట పర్మాంగనేట్ కలిపిన ఊదా రంగు నీళ్ల తొట్టి. ఆమధ్య ఒక గట్టు మీద కాపలా ఉన్న పెద్దాయన నన్ను అక్కడే ఆపేశాడు. “యాడ తిరిగొస్తున్నావో ఏమో అబ్బయ్యా, ముందు ఆ తొట్లో కాళ్లు పెట్టు” అన్నాడు. పెట్టాక కారణం చెప్పాడు. జబ్బు పడ్డ గుంటలో తేలిన రొయ్యను కాకి కరుచుకుపోతూ దారిలో ఒక్కటి జారవిడిస్తే చాలట, కిందున్న గుంట పోతుంది.

ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. 1994లో తెల్లమచ్చ వ్యాధి ఈ తీరం మీద పడినప్పుడు టైగర్ రొయ్య మీద అప్పులు తెచ్చి పెట్టుబడి పెట్టిన కుటుంబాలు కోలుకోవడానికి ఏళ్లు పట్టింది. 2009లో వనామి రొయ్యకు అనుమతి ఇచ్చినప్పుడు ప్రభుత్వం ఆ దెబ్బను గుర్తుపెట్టుకుంది. విదేశాల నుంచి విమానంలో వచ్చే తల్లి రొయ్యలు నేరుగా హేచరీకి పోవు. చెన్నై దగ్గర నీలాంకరైలో రాజీవ్ గాంధీ సెంటర్ ఫర్ ఆక్వాకల్చర్ నడిపే క్వారంటైన్ కేంద్రంలో దిగుతాయి. పరీక్షలయ్యాకే బయటికి వస్తాయి. హేచరీ నుంచి సీడు తెచ్చుకునే జాగ్రత్తగల రైతు కూడా రోగం లేదని చెప్పే పీసీఆర్ పరీక్ష రిపోర్టు చూడకుండా గుంటలో వేయడు. పదో తరగతి దాటని మనిషి నోటి నుంచి కూడా పీసీఆర్, వైట్ స్పాట్, ఈహెచ్‌పీ అనే మాటలు ఇక్కడ మంచినీళ్లంత తేలిగ్గా వస్తాయి.

ఇదే తీరంలో అడవి జంతువుల గురించి మాట్లాడాల్సి వచ్చేసరికి ఈ తెలివి ఎటు పోతుందో అర్థం కాదు. అంతరించిపోతున్న జీవిని పెంచి మళ్లీ దాని సొంత నేలమీద వదలాలని ఎవరు తలపెట్టినా ముందు కంచె గురించి, మేత గురించి, వేటగాళ్ల గురించి, సందర్శకుల గురించి మాట్లాడతారు. జబ్బు ప్రస్తావన చివర్లో వస్తుంది, అదీ ‘పశువైద్యుల పర్యవేక్షణలో’ అనే ఒక్క మాటగా. నా వాదన ఒక్కటే. వదలబోయే జంతువు ఆరోగ్యం దాని బోనులో మొదలు కాదు. అది కాలుపెట్టబోయే నేల చుట్టూ ఉన్న గొర్రెల మందలో, బాతుల గుంపులో, కోళ్ల ఫారంలో, ఊరకుక్కలో మొదలవుతుంది. వాటి లెక్క తేలకుండా జంతువును వదలడం, పీసీఆర్ చేయించని సీడును గుంటలో పోయడం లాంటిదే.

జంతువును ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలిస్తే ఏమవుతుందో ప్రపంచానికి తెలియజెప్పిన కథలో మన మూపురం పశువులున్నాయి. 1920లో భారతదేశం నుంచి బ్రెజిల్‌కు ఓడలో పోతున్న పశువులు దారిలో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో ఆగాయి. వాటితోపాటు రిండర్‌పెస్ట్ దిగింది. యూరప్ వదిలించుకున్నాననుకున్న పశువుల మహమ్మారి మళ్లీ అక్కడి కొట్టాల్లోకి వచ్చింది. ఆ భయం నుంచే 1924 జనవరి 25న పారిస్‌లో 28 దేశాలు సంతకాలు చేశాయి, ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ పుట్టింది. 1921లో బ్రెజిల్‌లోనూ అదే రోగం కనిపించడంతో ఆ దేశం మన పశువులకు తలుపులు మూసింది. ఆ తర్వాత 1960ల మొదట్లో ఒంగోలు జాతి ఆబోతులను మళ్లీ తీసుకుపోయినప్పుడు వాటిని నేరుగా ప్రధాన భూభాగంలో దించలేదు. అట్లాంటిక్ సముద్రంలో ఉన్న ఫెర్నాండో దె నొరోన్యా ద్వీపంలో క్వారంటైన్‌లో ఉంచి, పరీక్షలు చేసి, అప్పుడు తీసుకెళ్లారు. ఈరోజు బ్రెజిల్ మాంసపు పశువుల్లో అధిక భాగం ‘నెలోర్’ రక్తమే. మన ఊరి పేరు పెట్టుకున్న ఆ జాతి అక్కడ నిలదొక్కుకుంది. ఆ నిలదొక్కుకోవడంలో ఆబోతుల బలం ఎంతుందో ఆ ద్వీపంలో పట్టిన ఓపిక కూడా అంతే ఉంది.

రిండర్‌పెస్ట్ 2011లో ప్రపంచమంతటా పోయింది. కానీ పోయేముందు అది పశువుల దగ్గర ఆగలేదు. 1968లో బండీపుర, ముదుమలై అడవుల్లో అడవిదున్నలను ఊడ్చేసింది. ఊరి పశువు నుంచి అడవి పశువుకు జబ్బు పోవడానికి ఒక్క నీటిమడుగు చాలు. ఆ రోగం పోయినంత మాత్రాన ఆ దారి మూసుకుపోలేదు.

కజకిస్థాన్ గడ్డిమైదానాల్లో సైగా అనే దుప్పిలాంటి జంతువు ఉంటుంది. 2015 మేలో మూడు వారాల్లో 2 లక్షలకు పైగా సైగాలు కుప్పకూలాయి. ప్రపంచంలో ఉన్నవాటిలో సగం పైన. చంపిన సూక్ష్మజీవి పేరు పాశ్చురెల్లా. మన నెల్లూరు రైతుకు అది ‘గొంతువాపు’గా తెలుసు, వానల ముందు పశువుల ఆసుపత్రిలో దానికే టీకా వేయిస్తాడు. ఆ తర్వాతి ఏడాది మంగోలియాలోని సైగాలను ఇంకో రోగం పట్టుకుంది. అదీ మనకు తెలిసిందే, గొర్రెలు, మేకల పారుడు రోగం. మందల్లో మొదలై అడవి జంతువుల్లోకి పోయింది. మన గొర్రెలకాపరికి పేరుపేరునా తెలిసిన జబ్బులే అవతల అరుదైన జాతులను తుడిచిపెడుతున్నాయి. అలాంటప్పుడు కృష్ణజింకను ఏ మైదానంలోనైనా మళ్లీ వదలాలనుకునేవారు ముందు ఆ చుట్టుపక్కల గొర్రెలకు పారుడు టీకా ఎంతవరకు పడిందో అడగాలి. అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, మన మందలు మేసే బీళ్లలోనే తిరిగే జంతువు. నెల్లూరు గొర్రె అంటే దేశంలో పేరున్న జాతి. ఆ మందలు ఎక్కడెక్కడ వలస పోతాయో కాపరులకు తప్ప అటవీశాఖ పటంలో దొరకదు.

తిరిగి ప్రవేశపెట్టడంలో జబ్బు మూడు దారుల్లో కాటేస్తుంది. తెచ్చిన జంతువు తనతో రోగం తెస్తుంది. లేదా కొత్త నేలమీది రోగానికి దాని ఒంట్లో నిరోధం ఉండదు. మూడోది మనం తక్కువగా చూసేది. పట్టుకోవడం, మత్తు సూది, ప్రయాణం, కొత్త వాతావరణం కలిసి ఒంట్లో నిద్రపోతున్న జబ్బును లేపుతాయి. కూనో జాతీయ పార్కులో చీతాల విషయంలో ఈ సంగతి దేశమంతా చూసింది. 2022 సెప్టెంబర్ 17న నమీబియా నుంచి 8, 2023 ఫిబ్రవరి 18న దక్షిణాఫ్రికా నుంచి 12 చీతాలు వచ్చాయి. రెండు చోట్లా క్వారంటైన్ పాటించారు, టీకాలు వేశారు. అయినా మార్చిలో సాషా అనే ఆడ చీతా మూత్రపిండాల జబ్బుతో చనిపోయింది. దాని రక్తంలో క్రియాటినిన్ మన దేశానికి రాకముందే ఎక్కువగా ఉందని ఆ తర్వాత రికార్డులు చూస్తే తేలింది. రికార్డు ఉంది. దాన్ని సమయానికి చదివి, ఈ జంతువు ప్రయాణానికి తగదని నిర్ణయించే చోటు లేకపోయింది.

అదే ఏడాది వానాకాలంలో జరిగింది ఇంకా నేర్చుకోదగ్గది. దక్షిణార్ధ గోళంలో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా చలికాలం. అక్కడి నుంచి వచ్చిన చీతాల ఒళ్లు ఆ లెక్కనే ఇక్కడి వానల్లో చలికాలపు దట్టమైన బొచ్చు తొడుక్కుంది. మెడకు రేడియో కాలర్. కాలర్ కింద తడి ఆరలేదు. గోక్కుంటే పుండు, పుండు మీద ఈగ, ఈగ పెట్టిన గుడ్ల నుంచి పురుగులు, చివరికి రక్తం విషమయం. వరుసగా చీతాలు పోయాక మిగిలినవాటిని మళ్లీ ఆవరణల్లోకి తెచ్చి వైద్యం చేయాల్సి వచ్చింది. వానాకాలం పుండుకు పురుగు పడుతుందని మన ఏ గొర్రెలకాపరికైనా తెలుసు. తాడు కట్టిన చోట మెడ తడిసి ఒరుసుకుంటే పొద్దున్నే వేళ్లతో తడిమి చూస్తాడు. ఖండాంతర పథకంలో ఆ పొద్దుటి చూపుకు చోటు దొరకడానికి కొన్ని ప్రాణాలు పోవాల్సి వచ్చిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

టీకా వేస్తే సరిపోతుంది కదా అనేవారికి అమెరికా నల్లపాదాల ఫెరెట్ కథ చెప్పాలి. ముంగిసలా ఉండే చిన్న జంతువు అది. 1970లలో బోనుల్లో పెంచుతూ, కుక్కలకు వచ్చే డిస్టెంపర్ నుంచి కాపాడాలని బలహీనపరిచిన వైరస్‌తో చేసిన టీకా వేశారు. అలా వేసిన 6 ఫెరెట్లలో 4 ఆ టీకా వల్లే డిస్టెంపర్ వచ్చి చనిపోయాయి. 1985లో వయోమింగ్ రాష్ట్రంలో మిగిలిన గుంపులో అదే రోగం వచ్చినప్పుడు మొదట పట్టిన 6 ఫెరెట్లలో కొన్నిటికి అప్పటికే రోగం అంటి ఉండటంతో అన్నీ పోయాయి. ఆఖరికి 18 మిగిలాయి. ఈరోజు బతికున్న ఫెరెట్లన్నిటికీ మూలం ఆ కొన్ని ప్రాణాలే. కుక్కకు ప్రాణం పోసే మందు ఇంకో జంతువు ప్రాణం తీస్తుంది. దీన్ని ముందుగా తేల్చేది వన్యప్రాణి వైద్యం చదివిన మనిషి, ఆ మనిషికి అండగా ఉన్న ప్రయోగశాల.

మన దేశంలో డిస్టెంపర్ 2018లో గిర్ సింహాలను పట్టుకుంది. ఒక్క రేంజిలో కొద్ది వారాల్లో 23 సింహాలు చనిపోయాయి. ప్రపంచంలో ఆసియా సింహాలు అడవిలో మిగిలింది ఆ ప్రాంతంలోనే. ఊరకుక్క అడవి అంచున కళేబరం మీదికి పోతుంది, అదే కళేబరం మీదికి సింహం వస్తుంది. పులికాట్ సరస్సుకు సముద్రం వైపున్న మత్స్యకార పల్లెల్లో కుక్కల గుంపులు తీరం వెంట తాబేలు గుడ్ల కోసం ఇసుక తవ్వుతూ కనిపిస్తాయి. వాటికి టీకాలు వేయడం ఊరికీ మంచిది, అడవికీ మంచిది.

తెలుగు నేలమీద జంతువును తిరిగి అడవికి చేర్చిన ప్రయత్నానికి ఒక మంచి ఉదాహరణ ఉంది. కుందేలంత ఉండే మూషిక జింక. హైదరాబాద్ నెహ్రూ జూలాజికల్ పార్కు, పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన అత్తాపూర్‌లోని లాకోన్స్ ప్రయోగశాల కలిసి 2010 నుంచి దాన్ని పెంచుతూ వచ్చాయి. 2017లో 8 జింకలను అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు. ఒక్కసారిగా వదిలేయలేదు. కంచె వేసిన చోట కొంతకాలం ఉంచి, నేలకు, నీటికి, అక్కడి ఆకుకు అలవాటు చేసి వదిలారు. ఆ ఓపికే వైద్యంలో సగం. కొత్త చోట ఆకలి, బెదురు తగ్గితే ఒంటికి రోగాన్ని ఎదుర్కొనే శక్తి మిగులుతుంది. నల్లమల గురించి పత్రికల్లో పెద్దపులికి దొరికే చోటులో పదో వంతు ఈ చిన్న జింకకు దొరికి ఉంటే ఎంత బాగుండేదో. అదే హైదరాబాద్ జూలో 2021 మేలో 8 సింహాలకు కోవిడ్ సోకినట్టు సీసీఎంబీ తేల్చింది. ప్రయోగశాల ఊళ్లోనే ఉండబట్టి సంగతి త్వరగా బయటపడింది. పెంపకం, పరీక్ష ఒకే ఊళ్లో ఉంటే ఎంత తేడానో ఆ రెండు సంఘటనలూ చూపిస్తాయి.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. పులికాట్, నేలపట్టు 2022 జిల్లాల విభజనలో తిరుపతి జిల్లాలోకి పోయినా జనం మాటల్లో ఇంకా నెల్లూరు తీరమే. 1976 నుంచి అభయారణ్యంగా ఉన్న నేలపట్టులో అక్టోబర్ వచ్చేసరికి కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. కొమ్మ కొమ్మకూ గూడు, గూడు పక్కన గూడు. ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు అదే చెట్టు పంచుకుంటాయి. చూడటానికి ఎంత బాగుంటుందో, ఒక వైద్యుడి కంటికి అంత గుబులు పుట్టిస్తుంది. ఒక్క పక్షి రెట్ట కింది గూట్లో పిల్ల మీద పడే దూరంలో వేల పక్షులు.

2022లో గ్రీస్ దేశంలోని ప్రెస్పా సరస్సు దగ్గర ఆ గుబులు నిజమైంది. అక్కడ డాల్మేషియన్ గూడబాతుల గూళ్ల కాలనీ ప్రపంచంలోనే పెద్దది. దశాబ్దాల రక్షణతో కోలుకున్న కాలనీ. బర్డ్ ఫ్లూ వచ్చి కొద్ది వారాల్లో 1,700కు పైగా పక్షులు చనిపోయాయి. మరుసటి ఏడాది అమెరికాలో కాలిఫోర్నియా కాండర్ అనే రాబందును అదే వైరస్ పట్టుకుంది. 1982 నాటికి 22 మాత్రమే మిగిలి, అన్నిటినీ పట్టి, పెంచి, 1992 నుంచి మళ్లీ ఆకాశంలోకి వదిలిన పక్షి అది. 2023లో అరిజోనా, యూటా గుంపులో 21 కాండర్లు పోయాయి. అప్పుడు అమెరికా ప్రభుత్వం వాటికి బర్డ్ ఫ్లూ టీకా వేయడానికి అత్యవసర అనుమతి ఇచ్చింది. ముందు వేరే జాతి రాబందుల మీద పరీక్షించి, ఆ తర్వాతే కాండర్లకు వేశారు. ఫెరెట్ల తప్పు మళ్లీ చేయలేదు. పట్టి, రెక్కల మీద నంబర్లు కట్టి, ఏ పక్షి ఎక్కడుందో తెలిసినందువల్లే అది వీలైంది.

నెల్లూరు జిల్లాకు బర్డ్ ఫ్లూ 2024 ఫిబ్రవరిలో వచ్చింది. పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో కోళ్లు చనిపోయాయి. నమూనాలు భోపాల్‌లోని అత్యున్నత భద్రతా పశువ్యాధుల సంస్థకు వెళ్లాయి. రోగం ఖాయమయ్యాక కిలోమీటరు పరిధిలో కోళ్లను చంపి పూడ్చడం, 10 కిలోమీటర్ల దాకా నిఘా పెట్టడం జాతీయ ప్రణాళికలో ఉన్న పద్ధతి. పశుసంవర్ధక శాఖ సిబ్బంది రక్షణ దుస్తుల్లో ఫారాల చుట్టూ తిరగడం మనం చూశాం. ఆ 10 కిలోమీటర్ల గీత కోడికి సరిపోతుంది. గూడబాతు పొద్దున లేచి పులికాట్‌కు పోయి, చేపలు పట్టుకుని, దారిలో ఏ ఊరి చెరువులోనో వాలి సాయంత్రానికి గూటికి వస్తుంది. దానికి ఏ గీతా తెలియదు.

గూడబాతు ఫారం కోడి దగ్గరికి పోదు కదా అనొచ్చు. పోదు. మధ్యలో బాతులున్నాయి. వరి కోతలయ్యాక పొలాల్లో రాలిన గింజల కోసం బాతులను తోలుకొచ్చేవాళ్లను ఈ జిల్లాలో చూడని వాళ్లుండరు. ముందొకడు, వెనకొకడు పొడుగాటి కర్ర పట్టుకుని నడుస్తుంటే మధ్యలో వందల బాతులు క్వాక్ క్వాక్‌మంటూ మళ్ల మధ్య గట్టెక్కి దిగుతాయి. ఈ ఊళ్లో రెండు రోజులు, ఆ ఊళ్లో మూడు రోజులు. రాత్రికి పొలంలోనే వల చుట్టి ఆపుతారు. మధ్యాహ్నం ఊరి చెరువులో దించుతారు. అదే చెరువులో శీతాకాలానికి హిమాలయాలు దాటి వచ్చిన పట్టీతల బాతులు, సూదితోక బాతులు ఈదుతుంటాయి. 2005లో చైనాలోని చింఘై సరస్సులో, 2021 జనవరిలో హిమాచల్ పాంగ్ జలాశయంలో బర్డ్ ఫ్లూతో వేలల్లో చనిపోయింది ఎక్కువగా ఈ పట్టీతల బాతులే. మందబాతు బర్డ్ ఫ్లూ వైరస్‌ను మోస్తూ కూడా పైకి ఆరోగ్యంగా కనిపించగలదు. ఆ కాపరిని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. అతను ఏ ఊళ్లో ఎన్నాళ్లుంటాడో కనుక్కుని, ఆ మందలోంచి కొన్ని బాతుల నోటి నుంచి దూదిపుల్లతో నమూనా తీసే మనిషిని పంపితే, వేల పక్షుల కాలనీకి ముందస్తు హెచ్చరిక దొరుకుతుందని చెబుతున్నాను. అతని బాతులు పోతే నష్టపరిహారం ఇస్తామన్న హామీ మాత్రం ముందే ఉండాలి. లేకపోతే అతను నమూనా తీయనివ్వడు, తీయనివ్వకపోవడంలో అతని తప్పూ ఉండదు.

బర్డ్ ఫ్లూ ఒక్కటే కాదు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో 2021-22 శీతాకాలంలో వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. కోసి చూస్తే కడుపునిండా నులిపురుగులు, తిన్న చేపల ద్వారా వచ్చినవి. అంతకుముందు కర్ణాటక కొక్కరె బెళ్లూరులోనూ ఇదే జరిగింది. పక్షిని కోసి చూసేదాకా చావుకు కారణం దొరకలేదు. కోసి చూడటం వచ్చిన మనిషి, కోయడానికి బల్ల, పురుగును దాచడానికి సీసా, ఇంత చిన్న విషయాల మీద ఒక కాలనీ బతుకు ఆధారపడి ఉంది.

నెల్లూరుతో బంధమున్న అరుదైన పక్షి ఇంకొకటుంది. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డన్ మనుషులకు వైద్యం చేస్తూనే పక్షుల వెంట పడ్డాడు. వాటి స్థానిక పేర్లు, అలవాట్లు ఆయనకు చెప్పింది యానాదులు. ఆయన లోకానికి పరిచయం చేసిన కలివికోడి పెన్నా పరీవాహకంలోని కొండల వైపు చిట్టడవుల్లో ఉండేది. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్న ఆ పక్షిని 1986 జనవరిలో కడప జిల్లాలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ మళ్లీ వెలుగులోకి తెచ్చారు. స్థానికుడొకరు ప్రాణంతో పట్టిన ఆ పక్షి కొద్ది రోజులకే చనిపోయింది. దేశమంతా సంబరపడిన సమయంలోనే, ఆ జాతిని చేతిలో ఎలా బతికించుకోవాలో ఎవరికీ తెలియదన్న సంగతి కూడా బయటపడింది.

కలివికోడిని పెంచి వదలాలన్న ఆలోచన ఎప్పుడు వచ్చినా ఆ సంగతి నుంచే మొదలుపెట్టాలి. దాన్ని పట్టకముందే దాని దగ్గరి బంధువులైన, మన బీళ్లలో ఇంకా కనిపించే మామూలు పిట్టల మీద చేయి అలవాటు చేసుకోవాలి. చుట్టుపక్కల ఊళ్ల నాటుకోళ్లలో కొక్కెర తెగులు, మశూచి ఎంతున్నాయో ముందు చూడాలి. ఇక్కడే ఒక చిక్కు ఉంది. కలివికోడి మరీ దట్టమైన పొదల్లో ఉండదు, మరీ బోడి నేలమీదా ఉండదు. పొదకూ పొదకూ మధ్య నడవడానికి ఖాళీ కావాలి. ఆ ఖాళీని కాపాడేది మేతకు వచ్చే మేకలు, గొర్రెలు, పుల్లలు ఏరుకునే మనుషులే. రోగం వస్తుందన్న భయంతో మందలను తరిమేస్తే పక్షికి ఇల్లు పోతుంది. మందలను ఉంచాలి, ఆరోగ్యంగా ఉంచాలి. వాటికి ఏ నట్టల మందు వాడుతున్నామో కూడా చూసుకోవాలి. ఐవర్‌మెక్టిన్ లాంటి మందు పేడలో మిగిలి అక్కడి పురుగులను చంపుతుంది. ఈ పక్షి బతికేదీ పురుగుల మీదే.

మందు మాట వచ్చింది కాబట్టి రాబందును తలుచుకోకుండా ఉండలేను. పశువు నొప్పికి వేసిన డైక్లోఫెనాక్ సూది, ఆ పశువు చచ్చాక తిన్న రాబందు మూత్రపిండాలను పాడుచేసిందని 2004లో తేలింది. 2006లో పశువులకు దాని వాడకం నిషేధించారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా నిషేధించారు. మెలాక్సికామ్ సురక్షితమని తెలిసినా ఊళ్లో మందుల షాపులో ఏ సీసా చేతికిస్తారన్నదే అసలు ప్రశ్న. హైదరాబాద్ జూలో పెంచుతున్న రాబందును రేపు ఏ కొండ మీద వదిలినా దాని ఆయుష్షు ఆ షాపు అరలోనే రాసి ఉంటుంది.

వ్యాధి ప్రకృతిలో భాగం, దాని దారిన దాన్ని పోనివ్వాలి అనేవారూ ఉన్నారు. ఆ మాటలో కొంత నిజముంది. అతి వైద్యం కూడా హాని చేస్తుంది. కాండర్లను పట్టి పెంచేటప్పుడు శుభ్రం చేయడంలో వాటి ఒంటి మీద మాత్రమే బతికే ఒక రకం పేను ప్రపంచం నుంచే పోయింది. ఒక జాతిని కాపాడుతూ ఇంకో జాతిని పోగొట్టుకున్నారు. అయితే లక్షల్లో ఉన్న జాతి ఒక దెబ్బను తట్టుకుని తేరుకుంటుంది. ఇరవైలలో మిగిలిన జాతికి రెండో అవకాశం ఉండదు. అంత తక్కువ మిగలడానికి కారణం మనం. కాబట్టి ఆ తర్వాతి బాధ్యత ప్రకృతి మీద నెట్టడం న్యాయం కాదు.

దారి చూపే పుస్తకాలకు కొరత లేదు. తిరిగి ప్రవేశపెట్టడం మీద అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య 2013లో మార్గదర్శకాలిచ్చింది. మరుసటి ఏడాది ప్రపంచ పశు ఆరోగ్య సంస్థతో కలిసి వన్యప్రాణి వ్యాధి ప్రమాదాన్ని అంచనా వేసే పద్ధతిని ప్రచురించింది. ఏ రోగాలు రావచ్చు, వస్తే నష్టమెంత, ఎక్కడ అడ్డుకట్ట వేయొచ్చు అని జంతువును కదిలించకముందే కూర్చుని రాసుకోవడమే దాని సారం. జునాగఢ్‌లో జాతీయ వన్యప్రాణి రిఫరల్ కేంద్రానికి 2025 మార్చిలో పునాది పడింది. మంచిదే. జునాగఢ్ మాత్రం పులికాట్‌కు దేశం ఆ చివర. భోపాల్ వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. ఐసు పెట్టెలో దూదిపుల్ల అంత దూరం పోయి జవాబు వచ్చేలోగా గూళ్లలో పిల్లలు ఎగిరిపోతాయి, లేదా చనిపోతాయి.

మనకు దగ్గర్లో ఏమీ లేదా అంటే ఉంది. తిరుపతిలో 1955 నాటి పశువైద్య కళాశాల, 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, 1987 నాటి జంతు ప్రదర్శనశాల ఉన్నాయి. సూళ్లూరుపేట నుంచి కారులో రెండు గంటల లోపు. కళాశాలలో చదువుకునే పిల్లలను ఏటా ఒక శీతాకాలం నేలపట్టులో, పులికాట్ ఊళ్లలో పనిచేయిస్తే వాళ్లకు చదువు, మనకు కాపలా. ఇందుకు పెట్టే ఖర్చు పక్షుల కోసమే అనుకోనక్కర్లేదు. గూడబాతు నమూనా పరీక్షించే యంత్రమే గొర్రె పారుడునూ, కోడి కొక్కెరనూ పరీక్షిస్తుంది. పారుడు రోగాన్ని 2030 నాటికి ప్రపంచం నుంచి పారదోలాలని లక్ష్యం పెట్టుకున్నాం. ఆ లక్ష్యానికి కృష్ణజింక రక్తనమూనా కూడా సాక్ష్యమే.

ఇంకా ముఖ్యమైన వనరు ఆ తీరం మీదే ఉంది. చెరువు గట్టున చచ్చిపడిన పిట్టను అందరికంటే ముందు చూసేది యానాది కుటుంబం, పులికాట్‌లో పడవ వేసే జాలరి, బాతుల కాపరి, రొయ్యల గుంట కాపలాదారు. జెర్డన్ వాళ్ల నోటి నుంచే ఈ పక్షులను నేర్చుకున్నాడు. ఈరోజు ఎవరికి ఫోన్ చేయాలో వాళ్లకు తెలియదు. చేసినా ఆ పక్షి అటవీశాఖదా, పశుసంవర్ధక శాఖదా అని తేలేసరికి పొద్దు వాలుతుంది, నక్కో కుక్కో దాన్ని ఈడ్చుకుపోతుంది. చనిపోయిన పక్షిని చేత్తో ముట్టొద్దని, ఫొటో తీసి పంపమని చెప్పడానికి, కబురు పంపినవాళ్లకు కూలి పోకుండా ఏదో ఒకటి చేతిలో పెట్టడానికి పెద్ద పథకం అక్కర్లేదు.

సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ చేసుకుంటాం. వేదికలు, దీపాలు, పిల్లల బస్సులు, అన్నీ వస్తాయి. పిల్లలు పక్షులను చూడాలి, చూస్తేనే ప్రేమ పుడుతుంది. ఆ ఖర్చులోంచి డీప్ ఫ్రీజరు ఒకటి, కోత బల్ల ఉన్న గది ఒకటి, వన్యప్రాణి వైద్యం తెలిసిన డాక్టరు ఒకరు, ఆయనకు తిరగడానికి జీపు ఒకటి సూళ్లూరుపేటలో పెట్టమని అడుగుతున్నాను. ఆ ఫ్రీజరులో ఈ ఏటి బాతుల, గొర్రెల, ఊరకుక్కల, దొరికితే గూడబాతుల రక్తనమూనాలు తేదీ వేసి దాచాలి. పదేళ్ల తర్వాత ఎవరైనా కలివికోడినో, కృష్ణజింకనో తెచ్చి ఇక్కడ వదలాలనుకుంటే మొదట తెరవాల్సింది ఆ ఫ్రీజరు తలుపే. నేలపట్టులో గూడబాతులు అక్టోబర్‌కు వస్తాయి. ఆ గదికి అంతకు ముందే తాళం తీసి ఉండాలి.